పాటకీ పాటకీ మధ్య

మా అన్నయ్య మైకు ముందు నోరు తెరిస్తే పాట రావాలి. కొన్నేళ్లుగా సోది వస్తోంది. ఒక పాట అయిందో లేదో, వెనకాల నేను డ్రమ్ము కర్రలు ఎత్తి పట్టుకుని తర్వాతి పాటకి సిద్ధంగా ఉంటాను. అన్నయ్యేమో తీరిగ్గా నీళ్లసీసా మూత తీసి, ఒక గుక్క తాగి, మూత పెట్టి, ఏదో మర్చిపోయినట్టు మళ్లీ తీసి ఇంకో గుక్క తాగి, "అన్నట్టు మీకో సంగతి చెప్పాలి" అని మొదలుపెడతాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువని ఊరికే అన్నారా! ముందు కూర్చున్న జనం ఎలాగో భరిస్తారు. ఒంట్లో పాట వేడిగా ఉండగా చేతులు కట్టుకు కూర్చోవడమంటే, పొయ్యి మీద నూనె కాగాక పిండి కోసం పక్కింటికి వెళ్లినట్టుంటుంది నాకు.

మాది రాక్ బ్యాండు. పేరు 'ఉరుము'. ఒంట్లో రక్తం ఉడుకుతున్నప్పుడు పెట్టుకున్న పేరు, ఇప్పుడు మార్చుకుంటే బాగోదని అలాగే ఉంచాం. అన్నయ్య పాడతాడు. సిటీ బస్సు నడిపి రిటైరయ్యాడు. మా ఆయన గిటార్ వాయిస్తాడు, మిగతా టైములో టీవీలు బాగుచేస్తాడు. పెళ్లికి ముందు ఆయన్ని 'ఒరేయ్' అనేదాన్ని, పెళ్లయ్యాక మర్యాదగా 'ఏమండీ' అంటున్నాను, అర్థం మాత్రం మారలేదు. బేస్ గిటార్ వాయించేవాణ్ని అందరం మౌని అంటాం. మా నలుగురిలో చిన్నవాడు, నోట్లో నాలుక లేని మనిషి. కుర్చీలకీ బల్లలకీ పాలిష్ పెట్టడం అతని పని. ఆ ఫర్నిచర్ షాపు వెనక గోడౌనే మా రిహార్సల్ గది. ప్లాస్టిక్ చుట్టిన సోఫాల మధ్య, వార్నిష్ వాసనలో వాయించుకుంటాం. ఇక నేను, డ్రమ్స్ వాయిస్తాను. ప్రింటింగ్ ప్రెస్‌లో మెషిన్ల దగ్గర పనిచేశాను. ఆ చప్పుళ్లలో పడి నా వేళ్లకి తాళం అలవాటైపోయింది. ఎక్కడ కూర్చున్నా, దేని మీద పెట్టినా, అవి ఊరుకోవు.

ఆ ఆదివారం మధ్యాహ్నం రిహార్సల్ అయిపోయి మా ఆయన వైర్లు చుట్టుకుంటుంటే అన్నయ్య అన్నాడు, "వచ్చే శనివారం షోతో ఆపేద్దాం."

"ఏ పాట దగ్గర?" అన్నాను. షో మధ్యలో ఇంటర్వెల్ గురించి అనుకున్నాను.

"పాట కాదే. బ్యాండు."

కర్రలు సంచీలో పెడుతున్నదాన్ని అలాగే ఉండిపోయాను. మా ఆయన ఇంకా వైరు చుడుతూనే ఉన్నాడు, చుట్టిందే మళ్లీ చుడుతున్నాడు. అంటే ముందే మాట్లాడుకున్నారన్నమాట. బావా బావమరిదీ ఒకటైతే మధ్యలో ఆడపడుచు పరాయిదే.

"ఎందుకూ?"

"నా గొంతు పోయిందే. పై స్థాయి అందట్లేదు."

నాకు తిక్క రేగింది. "ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఉంది. నీ గొంతు సంగతి మేం చూసుకుంటున్నాంగా! నీకు అందాలని మీ బావ గిటార్ తీగల శ్రుతి దించి వాయిస్తున్నాడు, తెలుసా? ఇప్పటికి రెండు సార్లు దించాడు. నువ్వు బాధపడతావని ఎవరం నోరు విప్పలేదు."

అన్నయ్య నవ్వాడు. "తెలుసులేవే. పాడేవాడికి చెవులుండవా? మీరు దాచారు కదాని నేనూ దాచాను."

ఆ మాటతో నా దగ్గరున్న ఒక్క ఆయుధమూ అయిపోయింది. అయినా ఊరుకుంటానా? దించితే దించాం, ఇంకాస్త దించుదాం, కావాలంటే కూర్చుని పాడు, ఎవడొద్దన్నాడు అని అరిచాను. షాపులోంచి ఎవరో తలుపు తీసి చూసి మళ్లీ వేసుకున్నారు. అన్నయ్య ఒక్క మాటకీ ఎదురు చెప్పలేదు. అదే విచిత్రం. చిన్నప్పుడు కిటికీ పక్క సీటు కోసం నాతో జుట్లు పట్టుకుని కొట్టుకున్న మనిషి, ఇంత పెద్ద విషయంలో తగువే పెట్టుకోలేదు.

"సరే, చేతులు పెడదాం," అన్నాడు చివరికి.

మా బ్యాండులో ఏది తేల్చాలన్నా అదే పద్ధతి. స్నేర్ మీద చేతులు పెట్టాలి. స్నేర్ అంటే నా మోకాళ్ల మధ్య ఉండే డ్రమ్ము. దాని కింది చర్మానికి సన్నటి స్టీలు తీగల వరస ఆనించి ఉంటుంది, దెబ్బ వేస్తే 'ఝళ్' మనేది ఆ తీగల వల్లే. పక్కన చిన్న మీట ఉంటుంది, అది నొక్కితే తీగలు కిందికి జారిపోయి డ్రమ్ము మామూలు డప్పులా మూగబోతుంది. టీషర్టు రంగైనా, వ్యాను మార్చడమైనా, నాలుగు చేతులూ పడితేనే జరుగుతుంది. ఒక్క చెయ్యి తగ్గినా పాతదే సాగుతుంది. చేతులు పెట్టే ముందు మా ఆయన ఆ మీట నొక్కేస్తాడు. ఈ అలవాటు ఈమధ్య పట్టుకుంది. ముట్టుకునే ముందు కరెంటు తీసేయాలన్న టీవీ మెకానిక్ బుద్ధి, పోనీలే అని ఊరుకున్నాను.

ఆ రోజూ నొక్కాడు. అన్నయ్య చెయ్యి పెట్టాడు. మా ఆయన నా వంక చూడకుండా పెట్టాడు. మౌని చాలాసేపు తన చేతికంటిన పాలిష్ మరకని గోటితో గీరుకుని, అది పోలేదని తేలాక తనూ పెట్టాడు.

నేను రెండు చేతులూ చంకల్లో దోపుకున్నాను. "నా చెయ్యి పడదు. నా చెయ్యి లేకుండా ఉరుము ఆగదు."

"శనివారం దాకా ఆలోచించు," అన్నాడు అన్నయ్య.

ఆలోచించడానికేముంది? వాళ్లకేం, ఆపేస్తారు. అన్నయ్యకి మనవలున్నారు, మా ఆయనకి టీవీలున్నాయి, మౌనికి కుర్చీలున్నాయి. ప్రెస్సు మూతపడ్డ రోజున నాకు ఏడుపు రాలేదు, ఎందుకంటే సాయంత్రం రిహార్సల్ ఉంది. డ్రమ్స్ కూడా పోతే పొద్దున్నే లేచి నేనెవరినని లేవాలి? ఈ ప్రశ్నకి నాకు నిజంగా భయం వేసింది, ఆ భయాన్ని కోపంగా మార్చుకుని ఇంటికి వెళ్లాను.

ఆ వారమంతా కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాను. అల్మరాలో బట్టలన్నీ తీసి మళ్లీ అవే సర్దాను. కిటికీ అద్దాలు తుడిచాను. కూర్చుంటే వేళ్లు బల్ల మీద టకటకమని మొదలుపెట్టేవి. మా ఆయన ఏమీ అనకుండా తువ్వాలు మడిచి నా చేతి కింద పెట్టేవాడు. ఆ మనిషికి ఈమధ్య ఇలాంటి చాదస్తాలు ఎక్కువయ్యాయి. కాఫీ ఇస్తే కప్పు సగమే పోసి ఇస్తాడు. "పిసినారితనమా?" అంటే, "చల్లారిపోతుందని" అంటాడు. మొన్న ఒక కప్పు పగిలింది. ఆ కప్పుల పిడి అసలు పట్టుకోవడానికే పనికిరాదు, ఎవడు చేశాడో గానీ. ఇప్పుడొచ్చే డ్రమ్ము కర్రలూ అంతే, నున్నగా జారిపోతాయి. పూర్వం కర్ర చేతిలో పెడితే కర్రలా ఉండేది.

మా వదిన ఫోన్ చేసింది. అన్నయ్య భార్య. ఆవిడ ఫోన్ చేస్తే ముందు నాలుగు దెప్పులు, తర్వాత విషయం.

"ఏమ్మా ఆడపడుచూ, మా ఆయన్ని ఇంకా ఎన్నాళ్లు స్టేజీలు ఎక్కిస్తావు? మోకాళ్లకి నూనె రాసి రాసి నా చేతులరిగిపోయాయి."

"ఎక్కించేది నేనా వదినా? మైకు దొరికితే వదలనిది మీ ఆయన. పాటకంటే సోదే ఎక్కువ. ఆ సోది లేకపోతే షో ఇంకో నాలుగు పాటలు సాగుతుంది."

"అదే నాకూ అంతుపట్టదు. ఇంట్లో మనిషి రెండు ముక్కలు మాట్లాడడు. ఉప్పు కావాలన్నా చేత్తో చూపిస్తాడు. ఆ కథలు మాత్రం అద్దం ముందు నిలబడి బట్టీ కొడుతుంటాడు. బస్సు నడిపినన్నాళ్లూ 'ముందుకి జరగండి' అని కూడా అనలేని మనిషికి ఈ వయసులో ఈ పిచ్చేమిటి చెప్పు?"

"స్టేజీ జబ్బు వదినా. గొంతు తగ్గేకొద్దీ నోరు పెరుగుతుంది," అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఫోన్ పెట్టేశాక నాకు ఉపాయం తట్టింది.

ఉరుము ముసలిదైందని ఎవరికి అనిపిస్తోంది? మధ్య మధ్య ఆగిపోవడం వల్ల కదా! పాట వెనక పాట దంచి వదిలితే, జనం కుర్చీల మీంచి లేచి అరిస్తే, అన్నయ్య కూడా ఆపుదామనే మాటే మర్చిపోతాడు. శనివారం సోదికి సందివ్వకూడదు. పాట అయిన మరుక్షణం కర్రలు ఒకదానికొకటి కొట్టి తర్వాతి పాటకి లెక్క మొదలుపెట్టేస్తాను. డ్రమ్మర్ లెక్క మొదలుపెడితే మిగతా వాళ్లు పరుగెత్తుకుంటూ రావాల్సిందే, ఆ అధికారం నాది.

ఆ రాత్రి చాలా రోజుల తర్వాత కమ్మగా నిద్రపట్టింది.

శనివారం షో పాత సినిమా హాల్లో. తెర తీసేసి వేదిక కట్టారు గానీ కుర్చీలు మాత్రం అవే, లేస్తే టప్పున మూసుకునేవి. సాయంత్రానికే హాలు నిండింది. మాతో పాటే తలలు నెరిసినవాళ్లు సగం, వాళ్లు బలవంతాన లాక్కొచ్చిన పిల్లలు సగం. నాకు కూర్చోబుద్ధి కాలేదు. వేదిక వెనక గదిలో అటూ ఇటూ తిరిగి, స్టూలు ఎత్తు పెంచి, దించి, మళ్లీ పెంచాను. మౌని నన్నే చూస్తున్నాడు. "ఏమిట్రా?" అంటే తల అడ్డంగా ఊపాడు.

మొదటి పాట అదిరిపోయింది. అన్నయ్య సీసా మూత తీశాడు. "అన్నట్టు మీకో..." అనేలోపు నేను కర్రలు కొట్టేశాను. మా ఆయన ఉలిక్కిపడి వెనక్కి చూశాడు. చూస్తే చూశాడు, వేళ్లు మాత్రం సమయానికి తీగల మీద పడ్డాయి. అన్నయ్య మూత ఎక్కడో జారవిడిచి పాట అందుకున్నాడు. జనం ఈలలు! రెండోది అయ్యీ అవకముందే మూడోది మొదలుపెట్టాను. చూశారా, ఇదీ ఉరుమంటే! అన్నయ్య నా వైపు తిరిగి చేత్తో ఆగమని సైగ చేశాడు. ఒగరుస్తున్నాడు పాపం అనుకున్నాను. ఆపుదామన్నవాడివి నువ్వేగా, ఒగర్చు.

మూడో పాట సగంలో నా ఎడమ ముంజేయి బరువెక్కింది. స్టూలు ఎత్తు ఎక్కువైందనుకున్నాను. కాసేపటికి కుడిది కూడా బిగుసుకుంది. కర్ర జారుతుంటే గట్టిగా పట్టుకున్నాను, పట్టుకున్న వేళ్లు మళ్లీ వదులవలేదు. పాట నా ముందు పరుగెత్తుతోంది, నేను దాని వెనక పడి పోతున్నాను. నా జన్మలో ఎన్నడూ అలా జరగలేదు. కనీసం జరిగినట్టు నాకు తెలీదు. నాలుగోదానికి లెక్క కొట్టాను. పంతం మరి. నాలుగు దెబ్బలు పడ్డాయో లేదో, ఎడమ చేతిలో కర్ర ఎగిరిపోయి మా ఆయన మడమకి తగిలింది. పక్కన సంచీలో వేరే కర్రలున్నాయి, చెయ్యి చాచాను, కానీ వేళ్లు తెరుచుకోలేదు. కుడి చేత్తో ఒక దెబ్బ వేశాను, రెండోది తప్పింది. తాళం తెగిపోయింది. గిటారూ పాటా కూడా ఆగిపోయాయి.

నిశ్శబ్దం నిండకముందే మౌని నా డ్రమ్స్ దగ్గరికి వచ్చేశాడు. జనానికి వీపు పెట్టి, నన్ను వాళ్లకి కనబడకుండా నిలబడి, బేస్ తీగ ఒక్కటే 'ధం... ధం...' మని వాయిస్తున్నాడు. ముందునుంచి అన్నయ్య గొంతు వినబడింది, ఏమీ జరగనట్టు, తీరిగ్గా.

"అన్నట్టు మీకో సంగతి చెప్పాలి. మా మొట్టమొదటి ప్రోగ్రామ్..."

ఆ కథ మా జనానికి కంఠోపాఠం. మొదటి ప్రోగ్రామ్‌కి మేం దారి తప్పి వేరే హాల్లోకి వెళ్లాం. అక్కడ లెక్కలు రాసి రిటైరైన గుమాస్తాల సమావేశం జరుగుతోంది. మేం చూసుకోలేదు. సామాను బిగించి, వచ్చిన పాటలన్నీ దడదడలాడించాం. వాళ్లు మర్యాదస్తులు, చెవులు మూసుకోకుండా కూర్చున్నారు. అంతా అయ్యాక ముందు వరసలో పెద్దాయన లేచి, 'అంతా బాగానే ఉంది గానీ, ఇంతకీ మీరెవరు బాబూ?' అన్నాడు. ఇంతే కథ. నిజంగా జరిగిందే. దీన్ని అన్నయ్య చెప్పీ చెప్పీ ఇప్పుడు పెద్దాయన కళ్లజోడు, ఆయన చేతికర్ర, హాలు కాపలావాడి నిద్ర, అన్నీ చేర్చి తాడులా సాగదీశాడు.

మౌని వంగి కర్ర తీసి నా ఒళ్లో పెట్టాడు. నా వేళ్లు దాన్ని చుట్టుకోలేదు.

"ఊపిరి తీసుకో అక్కా," అన్నాడు. "తొందరేం లేదు. ఆయన ఆ కథలు చెప్పేది అందుకే."

"ఎందుకు?"

"నీ చేతుల కోసం. మొదట్నించీ అంతే."

అతను అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. చెప్పేసి మళ్లీ 'ధం' మని తీగ మీటాడు. ముందు అన్నయ్య పెద్దాయన కళ్లజోడు దాకా వచ్చాడు. వెనక్కి తిరిగి నా చేతుల వంక ఒక్క చూపు చూసి, మళ్లీ జనం వైపు తిరిగి, కళ్లజోడుకి ఒక తాడు కట్టాడు. ఆ తాడు ఇంతకుముందు కథలో లేదు. అప్పటికప్పుడు కల్పించాడు, నా వేళ్లు ఇంకా తెరుచుకోలేదని.

ఇన్నేళ్లూ నేను వెనక కూర్చుని ఆ వీపుని తిట్టుకున్నాను. అది తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండింది.

ఇంటర్వెల్ ముందుగానే ఇచ్చేశారు. వేదిక వెనక గదిలో కూలబడ్డాను. మా ఆయన తువ్వాలు మడిచి నా చేతి కింద పెట్టాడు. ఈసారి ఆ తువ్వాలు ఎందుకో నాకు అర్థమైంది. కప్పు సగమే ఎందుకు పోస్తాడో అర్థమైంది. బల్ల మీద టకటకమనేది తాళం కాదు. అది ఎప్పుడు తాళం కాకుండా పోయిందో ఇంట్లో నాకు తప్ప అందరికీ తెలుసు.

"ఎన్నాళ్లనుంచి?" అన్నాను.

మా ఆయన తువ్వాలు అంచులు సర్దడం మొదలుపెట్టాడు. అన్నయ్యే చెప్పాడు. "కొన్నేళ్లయింది. మొదట్లో నీళ్లు తాగితే సరిపోయేది. తర్వాత ఒక మాట కలపాల్సొచ్చింది. తర్వాత కథ."

"నాకు చెప్పొచ్చుగా!"

"నా కోసం తీగలు దించినప్పుడు నాకు చెప్పారా?"

అన్నయ్య నా ఎదురుగా సామాన్ల పెట్టె మీద కూర్చున్నాడు. మోకాళ్లు కటకటలాడాయి. "గొంతుకేం, ఇంకో రెండేళ్లు ఎలాగోలా లాగుతాను. కథలే అయిపోయాయే. ఇప్పుడు కథంతా చెప్పినా నీ చేతులు కుదుటపడట్లేదు. జనం 'పాడవయ్యా ముసలాడా' అని అరుస్తున్నారు. అరిస్తే అరిచారు, నన్నేగా. కానీ ఏదో ఒక రోజు నిన్ను చూస్తారు. అది నేను చూడలేను."

నాకు ఏడుపొచ్చింది. పెద్దగానే ఏడ్చాను, దాచుకునే ఓపిక లేదు. ఆడలేక మద్దెల ఓడన్నాను అన్నయ్యని. నిజంగా ఓడైంది మద్దెలే. నా తప్పు వాళ్లు ముగ్గురూ కలిసి తమ నెత్తి మీద వేసుకున్నారు. ఒకడు వాగుడుకాయ, ఒకడు చాదస్తుడు, ఒకడు మూగవాడు అనిపించుకుని. అయినా చెప్తున్నాను, ఆ కన్నీళ్లలో కృతజ్ఞత ఎంతుందో కోపమూ అంతే ఉంది. నా చేతుల గురించి నాకంటే ముందు వీళ్లకెందుకు తెలియాలి?

ముక్కు తుడుచుకుని, "స్నేర్ తీసుకురా," అన్నాను మౌనితో.

తెచ్చి నా ముందు స్టాండు మీద పెట్టాడు. మా ఆయన చెయ్యి అలవాటుగా మీట మీదికి వెళ్లింది.

"ఉండనివ్వండి," అన్నాను. "నొక్కొద్దు."

"ఎందుకే ఇప్పుడు..."

"ఉండనివ్వమన్నానా!"

చెయ్యి తీశాడు. తీగలు చర్మానికి ఆని ఉన్నాయి. నేను నా కుడి చెయ్యి చాపి డ్రమ్ము మీద పెట్టాను. మెల్లగానే పెట్టాను, కొట్టలేదు. అయినా తీగలు 'ఝర్‌ర్‌ర్' మని మోగాయి. ఆగలేదు. నేను చెయ్యి కదపకుండా ఉంచుదామని ఊపిరి బిగబట్టి ఎంత ప్రయత్నించినా ఆ చప్పుడు అలా వస్తూనే ఉంది. చిన్న గది, దాన్నిండా నా వణుకు. ఎన్ని నెలలుగా ఆ మీట నొక్కి మా ఆయన దీన్ని నా చెవిన పడకుండా చేశాడో!

అందరం విన్నాం. తొందరపడి ఎవరూ చెయ్యి కలపలేదు, నేను వినాలనుకున్నంతసేపు విననిచ్చారు. తర్వాత అన్నయ్య తన చెయ్యి నా చేతి మీద పెట్టాడు. తర్వాత మా ఆయన. చప్పుడు సన్నగిల్లింది గానీ పోలేదు. ఆఖర్న మౌని.

"నాలుగూ పడ్డాయి," అన్నాను. "ఇవాళ్టితో ఆఖరు. కానీ ఆ మాట జనానికి నేను చెప్తాను."

"రెండో సగం వాయించొద్దులేవే," అన్నాడు మా ఆయన.

"ఒక్క పాట ఉంది నాలో. నెమ్మదిది. మధ్యలో తేలిపోతే మౌని పట్టుకుంటాడు, కొత్తేం కాదుగా." మౌని తల వంచుకుని నవ్వాడు. నవ్వితే అతనికి ముందు పన్ను ఒకటి లేదని అప్పుడే చూశాను.

మళ్లీ వేదిక మీదికి వెళ్లాక నేను నా స్టూలు దగ్గరికి పోలేదు. తిన్నగా ముందుకి నడిచి అన్నయ్య మైకు అందుకున్నాను. ఇన్నేళ్లలో అక్కడ ఒక్కసారీ నిలబడలేదు. జనం అంత దగ్గరగా ఉంటారని నాకు తెలీదు.

"ఇవాళ కథ నేను చెప్తాను," అన్నాను. నవ్వారు. "మా అన్నయ్య పాటకీ పాటకీ మధ్య మీ బుర్ర ఎందుకు తింటాడో మీకు తెలుసా? నాకూ ఇందాకే తెలిసింది. నా చేతులు వణుకుతున్నాయి. వాటికి విశ్రాంతి కావాలని ఈయన ఇన్నాళ్లూ మీచేత తిట్లు తిన్నాడు. తిట్టినవాళ్లలో నేనే మొదటిదాన్ని. ఇవాళ్టితో ఉరుము ఆగుతోంది. ఆఖరి పాట ఒకటుంది. దానికి ముందు నా చేతులు కాసేపు ఊరుకోవాలి, అందుకని మీరు ఆ కథ ఇంకొక్కసారి భరించాలి."

ఒక్క కుర్చీ చప్పుడు కాలేదు. నేను మొదలుపెట్టాను. నాకు కథ చెప్పడం చేతకాదు. గుమాస్తాల కంటే ముందే పెద్దాయన్ని తెచ్చేశాను. అన్నయ్య వెనకనుంచి, "కాపలావాడు! కాపలావాణ్ని మర్చిపోయావు!" అని గుసగుసలాడాడు, హాలంతటికీ వినబడేలా. "నువ్వూరుకో, నీ తాడు కూడా వస్తుంది," అన్నాను. జనం పడీ పడీ నవ్వారు. కాపలావాడొచ్చాడు, కళ్లజోడొచ్చింది, తాడొచ్చింది. పెద్దాయన ముందు వరసలోంచి లేచాడు.

"అంతా బాగానే ఉంది గానీ..." అని ఆగాను.

హాలంతా ఒక్క గొంతుతో అడిగింది. "ఇంతకీ మీరెవరు?"

కథలో దీనికి జవాబు లేదు. అన్నయ్య ఎప్పుడూ ఇక్కడే ఆపి పాట అందుకునేవాడు. నేను నా చేతుల వంక చూసుకున్నాను. వణుకుతూనే ఉన్నాయి, అందరికీ కనబడుతూనే ఉన్నాయి.

"డ్రమ్మర్ని," అన్నాను.

వెళ్లి నా స్టూలు మీద కూర్చున్నాను. వేళ్లు ఒక్కొక్కటే కర్రని చుట్టుకున్నాయి. అన్నయ్య అలవాటు కొద్దీ ఇంకో నీళ్లసీసా మూత తిప్పబోయాడు.

"చాల్లే, పాడు," అని కర్రలెత్తాను.